గ్రామసభకు వెళ్తేనే ఊరి సొమ్ముకు లెక్క
* రెండు నెలలకోసారి సభ తప్పనిసరి * హాజరు తగ్గితే అడిగే హక్కుకూ గండి * ఏజెన్సీ గూడేలకు మరిన్ని అధికారాలు

కరీంనగర్‌, ఆదిలాబాద్‌:

ముందురోజు సాయంత్రం డప్పు చాటింపు వినిపిస్తుంది. మరునాడు పంచాయతీ కార్యాలయం ముందు నాలుగు కుర్చీలు, ఒక బల్ల వేస్తారు. కార్యదర్శి పుస్తకం తెరుస్తారు. పదిహేను, ఇరవై మంది పెద్దలు వస్తారు. మిగిలిన వారు పొలానికో, కూలికో, బీడీలు చుట్టే పనికో వెళ్లిపోతారు. గంటలో సభ ముగుస్తుంది. సాయంత్రం ఎవరో ఒకరు ఇంటింటికీ తిరిగి హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించుకుంటారు. పాత కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాల్లోని అనేక పల్లెలకు ఈ దృశ్యం కొత్త కాదు.

నెల తిరిగాక మురుగు కాలువ తమ వాడకు రాలేదని, ఇళ్ల జాబితాలో తమ పేరు లేదని అదే గ్రామస్థులు ఆవేదన చెందుతారు. పనుల ఎంపిక, లబ్ధిదారుల పేర్లు, జమాఖర్చులు అన్నీ సభ ముందుకు రావలసినవే. ఆ రోజు అడగవలసిన మాట అడగకుండా, పుస్తకంలో సంతకం మాత్రం పెట్టిన ఓటరు తన హక్కును తానే వదులుకున్నట్లవుతుంది. కొత్త పాలకవర్గాలు కొలువుదీరిన నేపథ్యంలో గ్రామసభ అంటే ఏమిటి, అందులో ఏమి అడగవచ్చు, ఎవరు జవాబు చెప్పాలన్న విషయాలు ప్రతి ఇంటికీ తెలియవలసి ఉంది.

దాదాపు రెండేళ్ల ఖాళీ

2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. మరునాటి నుంచి పల్లెలు ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్లాయి. ఒక్కో అధికారికి తన శాఖ పనితోపాటు పంచాయతీల బాధ్యత అదనమైంది. తిరిగి ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగు అనంతరం అదే నెల 22న కొత్త పాలకవర్గాలు బాధ్యతలు స్వీకరించాయి.

ఈ మధ్యకాలంలో పల్లెలు నష్టపోయినది ప్రజాప్రతినిధులను మాత్రమే కాదు. ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీలకే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఇవ్వాలన్నది నిబంధన. ఎన్నికలు ఆలస్యం కావడంతో ఆ నిధులకు ఆటంకం ఏర్పడింది. ట్రాక్టరు డీజిలుకు, వీధి దీపాలకు, బోరు మరమ్మతులకు డబ్బులు లేవని కార్యదర్శులు మొర పెట్టుకున్నారు. చేసిన పనులకు బిల్లులు రాలేదంటూ మాజీ సర్పంచులు రోడ్డెక్కారు. ఓటు ఆలస్యమైతే ఊరి కుళాయి మీద కూడా ఆ ప్రభావం పడుతుందని ఈ కాలం రుజువు చేసింది.

సర్పంచులు లేని ఆ రోజుల్లోనే గ్రామసభ విలువ కూడా తెలిసివచ్చింది. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్‌ కార్డుల జాబితాలపై 2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతటా గ్రామసభలు జరిపారు. జాబితాలు సభలో చదివి వినిపించారు. పేరు లేని వారు అక్కడికక్కడే నిలదీశారు, దరఖాస్తులు ఇచ్చారు. పలుచోట్ల సభలు రసాభాసగా మారాయి. అయితే ఇంటి వద్ద ఉండిపోయిన వారికి తమ పేరు ఉందో లేదో కూడా ఆ రోజు తెలియలేదు.

సభ్యులు ఎవరు?

సర్పంచి, ఉప సర్పంచి, వార్డు సభ్యులు కూర్చునేది పంచాయతీ పాలకవర్గ సమావేశం. ఇది నెలకోసారి జరగాలి. గ్రామసభ వేరు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దీనికి ఎన్నిక లేదు, పదవీకాలం లేదు. 1993 ఏప్రిల్‌ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. అందుకే ఏటా ఆ తేదీని జాతీయ పంచాయతీరాజ్‌ దినోత్సవంగా జరుపుతున్నారు.

తెలంగాణ పంచాయతీరాజ్‌ చట్టం-2018 ప్రకారం రెండు నెలలకోసారి, అంటే ఏడాదికి ఆరు గ్రామసభలు విధిగా నిర్వహించాలి. వీటిలో కనీసం రెండింటిలో మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల సమస్యలపై చర్చ జరగాలి. సభకు సర్పంచి అధ్యక్షత వహిస్తారు. ఆయన లేనప్పుడు ఉప సర్పంచి నడుపుతారు. వరుసగా రెండుసార్లు సభ నిర్వహించని సర్పంచి పదవినే కోల్పోయేలా చట్టంలో నిబంధన ఉంది.

ఎంతమంది రావాలి?

ఓటర్ల సంఖ్యను బట్టి హాజరు కావలసిన వారి సంఖ్యను, అంటే కోరాన్ని, చట్టం నిర్ణయించింది.

* 500 మంది ఓటర్ల వరకు: 50 మంది
* 501 నుంచి 1,000 వరకు: 75 మంది
* 1,001 నుంచి 3,000 వరకు: 150 మంది
* 3,001 నుంచి 5,000 వరకు: 200 మంది
* 5,001 నుంచి 10,000 వరకు: 300 మంది
* 10,000 దాటితే: 400 మంది

ఉదాహరణకు 1,400 మంది ఓటర్లున్న పల్లెలో 150 మంది రావాలి. అంటే ప్రతి పది మందిలో ఒకరికి కాస్త పైన.  ఇది అసాధ్యమైన సంఖ్య కాదు. సభకు ఇరవై మంది వచ్చి, పుస్తకంలో 150 సంతకాలు ఉన్నాయంటే ఆ తీర్మానం వెనుక ఊరు లేనట్లే. రేపు ఆ తీర్మానంపై అభ్యంతరం చెప్పాలన్నా సంతకం పెట్టిన వారికి నోరు పెగలదు. సభకు వెళ్లని వారు ఇంటికి వచ్చిన పుస్తకంలో సంతకం చేయకపోవడమే మేలు.

ఊరి ఖజానాకు దారులు

పంచాయతీకి డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది సొంత ఆదాయం. ఇంటి పన్ను, నల్లా బిల్లు, దుకాణాల లైసెన్సు రుసుము, ఇళ్ల నిర్మాణ అనుమతుల రుసుము, సంతల వేలం వంటివి ఇందులోకి వస్తాయి. రెండోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నిధులు. మూడోది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు.

కేంద్రం నుంచి వచ్చే సొమ్ము వాడకంలో కట్టుబాట్లు ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని నిర్ణీత పనులకే కేటాయించింది. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు, మిగిలిన సగం పారిశుద్ధ్యానికి వాడాలి. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు చేయవచ్చు. జీతాలకు, కార్యాలయ నిర్వహణకు మాత్రం వాడరాదు.

ఈ లెక్కన ఒక పల్లెకు 10 లక్షల రూపాయలు వచ్చాయనుకుంటే 3 లక్షలు నీటికి, 3 లక్షలు పారిశుద్ధ్యానికి పోతాయి. ఊరు తన ఇష్టం మేరకు నిర్ణయించుకోగలిగేది 4 లక్షలే. కుల సంఘ భవనం కావాలా, అంతర్గత రోడ్డు కావాలా, శ్మశానవాటికకు దారి కావాలా అన్న చర్చ ఈ 4 లక్షల చుట్టూ జరగాలి. ఈ సంగతి తెలియక పది లక్షలు వచ్చాయట, ఎవరో తిన్నారట అన్న పుకార్లు పల్లెల్లో సాగుతుంటాయి. అడగవలసిన చోట అడిగితే పుకారుకు తావుండదు, నిజంగా తిన్నవారు ఉంటే వారికి దాక్కునే చోటూ ఉండదు.

చెక్కు మీద రెండు సంతకాలు

2018 చట్టం చెక్కు అధికారాన్ని సర్పంచి, ఉప సర్పంచులకు ఉమ్మడిగా అప్పగించింది. ఒకరి సంతకంతో సొమ్ము కదలరాదన్నది దీని ఉద్దేశం. ఆచరణలో ఇద్దరి మధ్య పొసగని చోట బిల్లులు నిలిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి చోట తగవు ఇద్దరి మధ్య మిగిలిపోకుండా, బిల్లు ఎందుకు ఆగిందో సభలో అడిగి తెలుసుకునే అవకాశం గ్రామస్థులకు ఉంది.

ప్రతి పంచాయతీలో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతల పర్యవేక్షణకు నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలి. వీధి దీపం వెలగకపోతే సర్పంచి ఇంటికి వెళ్లడం మన అలవాటు. ఆ పని చూడవలసిన సంఘం ఒకటి ఉందని, అందులో ఉన్నవారు ఎవరో చెప్పాలని సభలో కోరవచ్చు. బడ్జెటులో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా చట్టం చెబుతోంది. నిరుడు ఎన్ని నాటారు, ఎన్ని బతికాయన్నది ఎవరైనా అడగదగిన ప్రశ్నే.

సభలో అడగవలసినవి

* గత ఏడాది జమాఖర్చులు, ఆడిట్‌ నివేదిక చదివి వినిపించారా?
* ఈ ఏడాది చేపట్టే పనుల జాబితాలో ఏ వాడకు ఏముంది?
* ఇళ్లు, ఇతర పథకాల లబ్ధిదారుల పేర్లు ఏ ప్రాతిపదికన చేర్చారు?
* ఇంటి పన్ను బకాయిలు ఎంత? పెద్ద బకాయిదారులు ఎవరు?
* గత సభలో చేసిన తీర్మానాల్లో ఎన్ని అమలయ్యాయి?

వీటిలో చివరిది ముఖ్యం. ప్రతి సభ కొత్తగా మొదలైతే పాత తీర్మానం పుస్తకంలోనే ఉండిపోతుంది. ముందు సభ తీర్మానాలు చదివిన తరువాతనే కొత్త అంశాలు తీసుకోవాలని పట్టుబట్టాలి. తీర్మానం రాసిన వెంటనే పైకి చదివించి, విన్న తరువాతే సంతకం చేయాలి. ఖాళీ పేజీలో సంతకం పెట్టరాదు.

ఫోనులోనే పంచాయతీ లెక్క

పంచాయతీల ప్రణాళికలు, వచ్చిన నిధులు, చెల్లింపుల వివరాలను కేంద్ర ప్రభుత్వం ఈ-గ్రామ్‌ స్వరాజ్‌ పోర్టల్‌లో ఉంచుతోంది. ఇది 2020 ఏప్రిల్‌ 24న ప్రారంభమైంది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆ పంచాయతీ వివరాలు కనిపిస్తాయి. ప్రవేశానికి రహస్య సంఖ్య అవసరం లేదు. పాత కరీంనగర్‌, నిర్మల్‌ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వలస వెళ్లిన వారు వేలల్లో ఉన్నారు. దుబాయిలో ఉన్న కొడుకు సైతం తన ఊరి మురుగు కాలువకు ఎంత ఖర్చు రాశారో అక్కడి నుంచే చూసి, సభకు వెళ్లే తండ్రికి ఫోనులో చెప్పవచ్చు.

అక్కడ లేని వివరం కావాలంటే సమాచార హక్కు చట్టం-2005 ఉంది. పంచాయతీ కార్యదర్శికి తెల్ల కాగితంపై దరఖాస్తు రాసి ఇస్తే సరిపోతుంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు చెల్లించాలి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకుంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. తీర్మానాల పుస్తకం, ఖర్చు రశీదులు, పనుల కొలతల పుస్తకం నకళ్లు ఈ దారిలో పొందవచ్చు. దరఖాస్తు అందినట్లు తేదీతో సహా రశీదు తీసుకోవడం మరువరాదు.

గూడేలకు ప్రత్యేక చట్టం

ఆదిలాబాద్‌ ఏజెన్సీలో గ్రామసభ బలం మైదాన ప్రాంతం కంటే ఎక్కువ. అయిదో షెడ్యూలు ప్రాంతాల కోసం పార్లమెంటు 1996లో పీసా చట్టం చేసింది. దాని అమలుకు ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు వచ్చాయి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి వంటి మండలాల్లోని షెడ్యూలు గ్రామాలకు ఇది వర్తిస్తుంది.

పీసా ప్రకారం అభివృద్ధి ప్రణాళికలను ముందుగా గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారులను ఎంపిక చేసేదీ సభే. నిధులు సక్రమంగా ఖర్చయ్యాయన్న ధ్రువీకరణను పంచాయతీ సభ నుంచే పొందాలి. భూసేకరణకు ముందు సభతోగాని, తగిన స్థాయి పంచాయతీతోగాని సంప్రదించాలి. ఇసుక వంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు వాటి సిఫార్సు తప్పనిసరి. ఈ ప్రాంతాల్లో సర్పంచి పదవులు గిరిజనులకే రిజర్వు అయి ఉంటాయి.

అటవీ హక్కుల చట్టం-2006 కూడా సభతోనే మొదలవుతుంది. పోడు భూమికి హక్కు పత్రం కావాలంటే దరఖాస్తు ముందు గ్రామసభకే ఇవ్వాలి. సభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ భూమిని పరిశీలిస్తుంది. సభ తీర్మానం చేశాకే డివిజన్‌, జిల్లా స్థాయి కమిటీలకు దస్త్రం వెళుతుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్లు రుజువులు చూపాలి. 2023 జూన్‌ 30న ఆసిఫాబాద్‌లో ప్రారంభించిన పోడు పట్టాల పంపిణీలో రాష్ట్రవ్యాప్తంగా 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఇంకా పట్టా అందని కుటుంబాలకు కూడా తొలి మెట్టు గ్రామసభే. సభ తీర్మానం లేని దరఖాస్తు చేతిలో ఉన్నా ముందుకు కదలదు.

ఆదివాసీ గూడేలకు కూర్చుని మాట్లాడుకునే అలవాటు కొత్తది కాదు. గోండు పల్లెల్లో పటేలు సమక్షంలో ఊరంతా కూర్చుని తగవులు తీర్చుకోవడం తరతరాలుగా ఉన్న ఆచారమే. చట్టం చేసిందల్లా అటువంటి మాటకు ప్రభుత్వ పుస్తకంలో విలువ కల్పించడం. అయితే సభలో చదివే కాగితాలు తెలుగులోనే ఉండటం, గోండి, కొలామీ మాట్లాడే వృద్ధులకు అవి అర్థం కాకపోవడం ఇక్కడి అసలు సమస్య. చదువుకున్న యువకులు ఆ కాగితాలను వారి భాషలో వివరిస్తే సభ నిజమైన సభ అవుతుంది.

చిన్న పంచాయతీ, పెద్ద అవకాశం

2018లో 500 జనాభా దాటిన తండాలు, గూడేలను ప్రత్యేక పంచాయతీలుగా చేశారు. రాష్ట్రంలో కొత్తగా 4,383 పంచాయతీలు ఏర్పడి మొత్తం సంఖ్య 12,751కి చేరింది. పెద్ద ఊరికి శివారుగా ఉండి ఏళ్ల తరబడి చివరి వరుసలో నిలిచిన తండాలకు సొంత ఖాతా, సొంత సర్పంచి వచ్చారు. చిన్న పంచాయతీకి సొంత ఆదాయం తక్కువగా ఉండటం ఒక ఇబ్బంది. కానీ 50 మంది వస్తే కోరం నిండే చోట ప్రతి ఇంటి మాటా వినబడుతుంది.

ఇచ్చోడ మండలం ముఖ్రా(కె) ఇందుకు నిదర్శనం. ఈ చిన్న పంచాయతీ ఇంటింటి చెత్తను వేరు చేసి వానపాముల ఎరువు తయారుచేసింది. ఎరువు అమ్మకం ద్వారా పంచాయతీకి ఆదాయం సమకూర్చుకుని, ఆ సొమ్ములోంచి సౌర విద్యుత్తు పలకలు ఏర్పాటు చేసుకుంది. ఇంట్లోనే తడి, పొడి చెత్త వేరు చేయాలంటే ఊరంతా ఒక మాట మీద ఉండాలి. అధికారి ఆదేశంతో ట్రాక్టరు తిరుగుతుందేమో కాని, రెండు బుట్టల అలవాటు రాదు. పారిశుద్ధ్యంలో పెద్దపల్లి జిల్లా 2019లో స్వచ్ఛ సర్వేక్షణ్‌ గ్రామీణ్‌ పోటీలో దేశంలోనే మొదటి స్థానం పొందడం వెనుక కూడా ఇంటింటా మరుగుదొడ్లు, ఇంకుడు గుంతలు కట్టుకున్న పల్లెల కృషి ఉంది.

సభ జరగకపోతే...

రెండు నెలలు దాటినా చాటింపు వినిపించకుంటే ముందుగా కార్యదర్శిని, సర్పంచిని లిఖితపూర్వకంగా అడగాలి. స్పందన లేకుంటే మండల పంచాయతీ అధికారికి, ఆపై జిల్లా పంచాయతీ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ దరఖాస్తు ఇవ్వవచ్చు. సర్పంచిపై చర్య తీసుకునే అధికారాన్ని చట్టం కలెక్టరుకు ఇచ్చింది. ఫిర్యాదులో తేదీలు ఉండాలి. చివరి సభ ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు, ఏ అంశం చదవలేదు అన్నవి రాస్తే దస్త్రానికి బలం చేకూరుతుంది.

కూలి పోతుందని సభకు రాలేని వారి ఇబ్బంది నిజమైనదే. పత్తి ఏరే కాలంలో, నాట్ల సమయంలో పగటి పూట సభ పెడితే మహిళలు రాలేరు. సభను సాయంత్రం పెట్టాలని, చాటింపు రెండు రోజుల ముందే వేయాలని మహిళా సంఘాలు కోరితే కాదనే సర్పంచి ఉండరు. ఓటు అయిదేళ్లకోసారి వస్తుంది. సభ రెండు నెలలకోసారి వస్తుంది. అంటే ఒక ఎన్నికకు, మరో ఎన్నికకు నడుమ ఊరు తన సర్పంచిని 30 సార్లు లెక్క అడగవచ్చు. ఈసారి చాటింపు వినిపించిన నాడు ఇంటికొకరైనా వెళ్లి కూర్చుంటే పుస్తకంలోని సంతకాలకూ, కుర్చీల ముందు కూర్చున్న మనుషులకూ లెక్క సరిపోతుంది.